చేతికి తెలిసిన దారి

"అమ్మ ఇంకా కండ్లు తెరుస్తలేదు నందన్నా. ఇగో, నీ రిపోర్టు. దీనికేం జవాబు చెప్తవో చెప్పు."

బాలనర్సింహ రక్తపరీక్షల ల్యాబ్ గడప దాటలేదు. చెప్పులు విప్పలేదు. శాలిబండలో వెల్డింగ్ షాపు నడుపుకునే మనిషి. లాల్‌దర్వాజాలోని ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా "వదినా, నీళ్ళు" అంటూ వంటింటి దాకా వచ్చే చనువు అతనిది. ఈవాళ బయటి మెట్టు మీదే నిలబడి కాగితం చాపాడు.

నందకిశోర్ అందుకుని చూశాడు. పేరు పుష్పమ్మ. పరగడుపు షుగర్ రెండు వందల తొంభై నాలుగు. కింద తన సంతకం.

"మిషన్ ఎంత చూపిస్తే అంతే రాస్తం కదా నర్సింహా..."

"నీ కాగితం చూసే డాక్టర్ గోలీలు పెంచిండు. అమ్మ నమ్మి మింగింది. నిన్న పొద్దుగాల వాకిలి ఊడుస్త ఊడుస్త కూలబడ్డది. దవాఖానల చూస్తే షుగర్ మొత్తం పడిపోయిందంట. కంట్రోల్‌ల ఉన్న మనిషికి గింత మందు ఎవరు రాసిండ్రని అక్కడ నన్ను తిట్టిండ్రు. నేనేం చెప్పాలె?"

అద్దాల తలుపుకు ఇవతల, కంప్యూటర్ ముందు కూర్చున్న రంగనాయకి చేతులు కీబోర్డు మీద నుంచి ఒళ్ళోకి జారాయి. ఆ రిపోర్టు కొట్టింది తనే. ఈ ల్యాబ్ పెట్టిననాటి నుంచి లోపల పరీక్షలు చేసేది భర్త, బయట రిపోర్టులు కొట్టేది తను.

భర్త ఏమంటాడోనని చెవులు రిక్కించింది. అతను కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"కొత్త సిస్టమ్," అన్నాడు చివరికి. "పైన కిరాయికుండే ఫణికుమార్ లేడా, కంప్యూటర్ల మాస్టరు. పాత విండోస్ తీసేసి ఏందో లైనక్స్ అని ఎక్కిచ్చిండు. అప్పటిసంది అంతా ఆగమాగమే ఉన్నది."

"ఎవడెక్కిచ్చిండో నాకెందుకన్నా? సంతకం నీది."

"దవాఖానకు నేనొస్త. పా."

"రా. గానీ ఒక్కమాట. మా అమ్మకు ఏమన్న అయితే మల్లొచ్చేటప్పుడు నేనొక్కన్నే రాను."

నందకిశోర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి అరిచాడు.

"ఫణీ! ఒకసారి కిందికి రా!"

* * *

ఆదివారం కావడంతో కోఠీలోని కంప్యూటర్ సెంటర్‌కు సెలవు. ఫణికుమార్ సగం గడ్డం గీసుకున్న ముఖంతోనే దిగి వచ్చాడు. సంగతి విని తువ్వాలుతో నురుగు తుడుచుకున్నాడు.

"పుష్పమ్మగారికా? అయ్యో."

"అయ్యో అంటే అయిపోయిందా? మంచిగ నడిచేదాన్ని నడవనియ్యకపోతివి."

"అది బాగా నడిచిందెప్పుడు బావగారూ? వైరస్ పట్టి మాటిమాటికీ ఆగిపోయేది. పైగా దొంగ కాపీ సీడీతో ఎక్కించింది. కోఠీలో షాపుల మీద దాడులు చేస్తున్నారని మీరే కదా నాతో చెప్పారు?"

"చెప్పిన. బిల్లుతోని కొనుక్కొచ్చి మల్ల గదే ఎక్కియ్యమన్న. నువ్వు విన్నవా?"

"ఇది ఊరికే వస్తుంది, వాడటం కూడా తేలిక అన్నాను. తేలికే. మీ నాన్నగారిని అడగండి కావాలంటే."

వసారాలో పడక్కుర్చీలో ఉన్న విఠల్‌రావు పేపరు దించాడు. కొడుకు కోపం చూసి కాస్త తటపటాయించాడు గానీ అబద్ధం చెప్పలేకపోయాడు.

"నాకైతే మంచిగనే ఉన్నదిరా. అక్షరాలు పెద్దగ చేసిచ్చిండు. పేపర్ చదువుకుంటున్న, పేకాట ఆడుకుంటున్న."

"నాక్కూడ ఏం కష్టం లేదు బాపూ," అంది వంటింటి గుమ్మంలోంచి స్ఫూర్తి. నందకిశోర్ కూతురు, డిగ్రీ చదువుతున్న పిల్ల. "బొమ్మలు వేరే చోట ఉన్నయ్, గంతే. చూస్తే తెల్సిపోతది."

అందరూ రంగనాయకి వైపు తిరిగారు.

"మరి నీకేమైందమ్మా?" విఠల్‌రావు నెమ్మదిగానే అడిగాడు. "డెబ్బై దాటినోన్ని, నాకొచ్చింది. దినమంత దాని ముందట కూసునే దానివి, నీకెందుకు వస్తలేదు?"

రంగనాయకి చీర కొంగు సరిచేసుకుంది. మొదటి రోజే ఆమె కష్టంగా ఉందని చెప్పింది. అలవాటైతది అన్నారు మామగారు. రెండు రోజులమ్మా, అంది కూతురు. అన్నం తినకుండా మూడు పూటలు ఆ కుర్చీలోనే కూర్చుని నేర్చుకోవాలని చూసింది. మౌస్ పట్టుకున్న చెయ్యి పాత చోటికే పోతుంది. అక్కడేమీ ఉండదు.

"దాన్నెందుకు అంటవు బాపూ?" నందకిశోర్ అడ్డం వచ్చాడు. "దాని చెయ్యికి పాతదే అలవాటు. ముందుగాల్నే మొత్తుకున్న, వద్దని. ఫణీ, సాయంత్రం వరకు పాతది ఎక్కాలె. వచ్చే నెలకు పైన గది ఖాళీ చెయ్యాలె."

ఫణికుమార్ ముఖం పాలిపోయింది.

"మా అమృత కడుపుతో ఉంది బావగారూ. ఇవాళే తణుకులో పుట్టింట్లో సీమంతం. పురుడయ్యాక పసిబిడ్డతో ఎక్కడికి వస్తుంది?"

నందకిశోర్ వినిపించుకోనట్టు స్కూటర్ తాళాలు తీసుకున్నాడు. బాలనర్సింహ వెనక కూర్చున్నాడు. స్కూటర్ వీధి మలుపు తిరిగింది.

విఠల్‌రావు కండువా భుజాన వేసుకుని మహంకాళి గుడి వైపు బయల్దేరాడు. మనసు బాగాలేనప్పుడల్లా ఆయన అటే వెళతాడు.

* * *

ఫణికుమార్ సీడీల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. తెరవలేదు. కుర్చీ లాక్కుని రంగనాయకి పక్కన కూర్చున్నాడు.

"అక్కయ్యా, తీసేసే ముందు ఒక్కసారి చూస్తాను. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి."

"ఇప్పుడెందుకు తమ్ముడూ, తీసెయ్యి."

"తప్పెక్కడ జరిగిందో తెలియకుండా తీసేస్తే ఆ నింద నా మీదే ఉండిపోతుంది. మీకు తెలియంది కాదు."

ఆమె కాదనలేకపోయింది. మౌస్‌ని పై మూలకు తోసి, కొంచెం కిందికి దించి నొక్కింది. రిపోర్టుల ఫారం తెరుచుకుంది. అది ఫణికుమార్ స్వయంగా తయారు చేసింది. పేర్లు ఒక వరస, ఫలితాలు ఒక వరస.

"ఉత్త అంకెలు కొట్టండి. మధ్యలో ఒకటి వదిలెయ్యండి."

ఆమె వేళ్ళు చకచకా కదిలాయి. అంకె, ఎంటర్. అంకె, ఎంటర్. ఒక గడి ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టింది. తెర కింద కుడి మూలన ఎర్ర అక్షరాలు వెలిగాయి. ఆమె ఆగలేదు. తర్వాతి అంకె కొట్టింది.

"అక్కయ్యా, ఆ ఎర్ర అక్షరాలు చూడండి."

"ఏ అక్షరాలు?"

"కుడివైపు. కింద."

రంగనాయకి తలంతా తిప్పింది. ముఖం తెర మీదుగా కుడికి పోయింది, ఇంకొంచెం పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. వాకిట్లో చీకట్లో పడిపోయిన సూది కోసం వెతికే మనిషిలా మెడ వంచింది.

ఫణికుమార్ తన ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి ఆమె చెంప పక్కన పెట్టి వేళ్ళు ఆడించాడు. ఆమె తెర వైపే చూస్తోంది. చెయ్యి ఇంకొంచెం ముందుకు జరిపాడు. ఇంకొంచెం. అది దాదాపు ఆమె ముక్కు ముందుకు వచ్చాక గానీ ఆమె ఉలిక్కిపడలేదు.

"ఏం చేస్తున్నవ్?" అంది.

"ఎప్పట్నుంచి అక్కయ్యా?"

వంటింట్లో స్ఫూర్తి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. రంగనాయకి ఆ చప్పుడు ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు.

"నడుమ మంచిగనే కనిపిస్తది," అంది గొంతు తగ్గించి. "పక్కలకే లేదు. మా మేనత్తకు గిట్లనే మొదలైంది. ఆమెకు తర్వాత నడుమ చూపు గూడ పోయింది."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"ఏమని చెప్పి పోవాలె ఇంట్లకెల్లి?"

"ఇన్నాళ్ళూ ఇలాగే రిపోర్టులు కొట్టారా?"

"పాతదాంట్ల చూసే పనే లేకుండె. ఏది ఎక్కడున్నదో చెయ్యికి ఎరుకుండె. ఎంటర్ కొడితే ఎక్కడికి పోతదో ఎరుకుండె. నువ్వు ఒక్క తెల్లారేసరికి అన్నీ జరిపినవ్ తమ్ముడూ. అందరికీ తేలిక, ఆసాన్ అయింది. నాకు ఇల్లు మారినట్టయింది."

ఫణికుమార్ తల దించుకున్నాడు.

"ఒక్కమాట చెప్పాల్సింది."

"చెప్తే ఏం చేస్తరు? ఈ కుర్చీలకెల్లి లేపి వంటింట్ల కూసోవెడ్తరు. అక్కడ పొయ్యి ఉంటది, కత్తిపీట ఉంటది. ఇక్కడ చెయ్యలేనిదాన్ని అక్కడేం చేస్త? నా సంగతి విడిచిపెట్టు. స్ఫూర్తి మొఖం దిక్కు చూసి, ఈ పిల్లకు గూడ వస్తదా అని గుసగుస పెడ్తరు. నాకు గా మాటనే భయం."

ఆమె చెయ్యి బల్ల మీద పాకి అతని మణికట్టు దొరకబుచ్చుకుంది.

"ఎవ్వరికీ చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత."

"పుష్పమ్మగారు అక్కడ..." అంటూ ఆగిపోయాడు ఫణికుమార్. చెయ్యి విడిపించుకోలేదు. కాసేపటికి రెండో చేత్తో కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. ఖాళీ గడిలో ఎంటర్ కొట్టాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ కొట్టాడు.

"ఇదీ సంగతి," అన్నాడు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "పాతదాంట్లో ఖాళీ గడిలో ఎంటర్ కొట్టినా కిందికి దిగేది. ఇందులో దిగదు. ఎవరి ఫలితమూ ఖాళీగా మిగిలిపోకూడదని నేనే అలా పెట్టాను. మంచికే అనుకున్నాను. మారిస్తే నిమిషం పని."

రంగనాయకి కదలకుండా కూర్చుంది. పుష్పమ్మ రిపోర్టు కొట్టిన రోజు మధ్యాహ్నం గుర్తు చేసుకుంటోంది. లోపలి గదిలోంచి నందకిశోర్ నంబర్లు, ఫలితాలు గట్టిగా చదువుతుంటాడు. అతనికి పేర్లతో పని లేదు. సీసాల మీద నంబర్లే ఉంటాయి. ఆ రోజు మధ్యలో ఒక్కచోట ఆగాడు. 'పన్నెండు ఉండనీ, మల్లొకసారి చేస్త. పదమూడు చెప్తున్న, కొట్టు' అన్నాడు. ఆమె పన్నెండు దాటించాననుకుని ఎంటర్ కొట్టింది.

"పదమూడుది పన్నెండుల పడ్డది," అంది మెల్లగా. "ఆనాటికి పదమూడే ఆఖరిది. తర్వాత ఆయన పన్నెండుది చెప్తే మిగిలిన ఖాళీ గడిల కొట్టిన, అది పోయి పదమూడుల పడ్డది."

"పదమూడు పుష్పమ్మగారా?"

"ఆఁ."

"మరి పన్నెండు ఎవరు?"

రంగనాయకి అతని మణికట్టు వదిలేసింది.

రక్తం ఇవ్వడానికి ఆ పొద్దున బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సూది చూసి పన్నెండో నంబరు పిల్ల కళ్ళు మూసుకుంటే పుష్పమ్మ చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది. ఆ మాటలన్నీ రంగనాయకి చెవిన పడ్డాయి. చెవిన పడ్డవేవీ ఆమె మరిచిపోదు.

చెప్పకపోతే ఈ గదిలో జరిగింది ఈ గదిలోనే ఉంటుంది. అతను పాత విండోస్ ఎక్కిస్తాడు. నిందతో వెళ్ళిపోతాడు. మంచివాడు, మాట మీద నిలబడతాడు.

"అక్కయ్యా?"

"అమృత," అంది.

ఫణికుమార్‌కు అర్థం కాలేదు. చిన్నగా నవ్వాడు కూడా.

"అమృతకి నార్మల్ వచ్చిందిగా. తొంభై ఆరు. మీరే కదా నా చేతికిచ్చారు?"

"గది పుష్పమ్మది."

అతను లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. వంటింట్లో చప్పుడు ఆగింది.

"దాహం, దాహం అంటోందట. మొన్న ఫోన్లో చెప్పింది. ఎండలు కదా, మజ్జిగ తాగు అన్నాను." జేబులు తడుముకుంటూ సెల్‌ఫోన్ కోసం వెతుకుతున్నాడు. "కళ్ళు మసకలుగా ఉన్నాయి అంది. రిపోర్టు బాగానే ఉందిగా, నీరసమేలే అన్నాను. పొద్దున్నించీ అందరూ నోట్లో స్వీట్లు పెడుతూ ఉంటారక్కడ..."

గోడల మధ్య సిగ్నల్ అందదు. రెండేసి మెట్లెక్కుతూ డాబా మీదికి పరుగెత్తాడు.

* * *

నందకిశోర్ తిరిగి వచ్చేసరికి వీధిలో ఎండ నడినెత్తికొచ్చింది. గుడి నుంచి అప్పుడే వచ్చిన విఠల్‌రావు కొడుకు ముఖం చూసి కండువా తీయకుండానే కూర్చున్నాడు.

"ఎట్లున్నది?"

"కండ్లు తెరిచింది. కొడుకును గుర్తుపడ్తలేదు." నందకిశోర్ చెంబెడు నీళ్ళు తాగాడు. "బస్తీ వాళ్ళు శానమంది వచ్చిండ్రు దవాఖానకు. అందరి ముందట చెప్పిన, సిస్టమ్ మార్చుడుతోని అయిందని. ఫణిగాడు చేసిన పనే అని. రంగా, నిన్ను ఎవరడిగినా గదే చెప్పు."

"ఆ పిల్లగానిది తప్పు కాదు," అంది రంగనాయకి.

"మల్ల ఎవరిది?"

"నాది. నాకు కండ్లు కనిపిస్తలేవు."

గుమ్మంలో ఉన్న స్ఫూర్తి "అమ్మా!" అంది. విఠల్‌రావు కోడలి వైపు, కొడుకు వైపు మార్చి మార్చి చూశాడు.

నందకిశోర్ వెళ్ళి ల్యాబ్ షట్టర్ మోకాళ్ళ దాకా దించాడు. వెనక్కి తిరిగి భార్య ముందు నిలబడ్డాడు. సరిగ్గా ఎదురుగా, ఆమెకు కనిపించే చోట.

"తెలుసు," అన్నాడు.

రంగనాయకి నమ్మలేనట్టు చూసింది.

"పోయిన దసరాకు చాయ్ కప్పు నీ పక్కకు పెట్టిన. నువ్వు బల్లంత తడుముకున్నవ్. తర్వాత శాన సార్లు చూసిన."

"చూసి అడగలేదా మీరు?"

"అడిగితే నువ్వు చెప్తవ్. చెప్పినంక ఆ కుర్చీల ఎట్ల కూసోవెట్టాలె? ఇంకొకరిని పెట్టుకుంటే నీ లెక్క చెయ్యగల్గుతరా? పాతదాంట్ల నీ చెయ్యి ఒక్కసారి తప్పలే. అందుకే మార్చద్దు, మార్చద్దని గంత మొత్తుకున్న. ఎవ్వరు వినలే. వాన్ని పిలువు. పాతది ఎక్కియ్యమను. అంతా మల్ల మామూలైతది."

మామూలైతది అన్న మాటకు స్ఫూర్తి తండ్రి వైపు భయంగా చూసింది.

"పాతదాంట్ల తప్పు పోలేదని నీకెట్ల తెలుసురా?" అన్నాడు విఠల్‌రావు.

"మొదట్ల అన్ని రిపోర్టులు చూస్తుంటి బాపూ. మిషన్ కాగితం పక్కన పెట్టుకుని చూసినంకనే సంతకం పెడ్తుంటి. ఒక్క తప్పు దొరకలే."

"మొదట్ల అంటున్నవ్. తర్వాత?"

"తర్వాత ఇడిసిపెట్టిన."

"ఎప్పుడు ఇడిసిపెట్టినవ్?"

నందకిశోర్ షట్టర్ వైపు తిరిగాడు. షట్టర్ కింద నుంచి వీధిలో పోయే కాళ్ళు కనిపిస్తున్నాయి. రెండు జతలు ఆగి, మళ్ళీ కదిలాయి. ఈ వీధిలో సగం ఇళ్ళు తమ ల్యాబ్ కాగితాలు పట్టుకునే డాక్టర్ల దగ్గరికి పోతాయి. షుగర్లు, రక్తం గ్రూపులు, కామెర్లు.

"ఇంకోటున్నది," అంది రంగనాయకి. "పుష్పమ్మది ఇంకొకరికి పోయింది. వాళ్ళది పుష్పమ్మకొచ్చింది. మీరు ఆనాడు ఆపి మల్ల చేసిన పన్నెండు, అమృతది."

నందకిశోర్ చెయ్యి గోడను ఆనుకుంది.

"గది... రెండుసార్లు చేసిన. రెండుసార్లు గంతే వచ్చింది. ఎవరిదో పాపం అనుకున్న." తల ఎత్తి మెట్ల వైపు చూశాడు. "ఫణికి తెలుసా?"

"నేనే చెప్పిన. ఎప్పటిసందో డాబా మీద ఫోన్ కొడుతున్నడు. ఎత్తుతలేరు."

అప్పుడే పైనుంచి అతని గొంతు వినిపించింది.

"హలో! హలో, ఎవరండీ? నేనండీ, ఫణిని. అమృతకివ్వండి ఒక్కసారి... లేదా? ఎక్కడికి?... గట్టిగా చెప్పండి, వినపడ్డం లేదు... ఆస్పత్రికా? ఎప్పుడు తీసుకెళ్ళారు?"

తర్వాత అంతా అవతలి మనిషే మాట్లాడుతున్నట్టుంది. కింద నలుగురూ తలలు ఎత్తి నిలబడ్డారు. స్ఫూర్తి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

డాబా తలుపు మూసుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు మెల్లగా దిగుతూ వచ్చి, మధ్యలో నిలిచిపోయింది.

రంగనాయకి కూతురి చెయ్యి విడిపించుకుని మెట్ల వైపు రెండడుగులు వేసింది. అటువైపు వెలుతురు లేదు. అతను ఎక్కడ నిలబడ్డాడో, ముఖం ఎలా ఉందో ఆమెకు ఏమీ తెలియలేదు. చూడగలిగినవాళ్ళు ముగ్గురూ ఆమె వెనకే ఉన్నారు. ముగ్గురిలో ఒక్కరూ నోరు మెదపడం లేదు.

"తమ్ముడూ," అంది. "ఏమన్నరు?"